పెడల్ రాయిలా ఉంటే ముందు గాలిని వెతకండి

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం, కార్ల యజమానులు, క్యాబ్ డ్రైవర్లు కూర్చున్న చిన్న సభలో ఆటోనగర్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగం. మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాం. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కుదించాం.)

అందరికీ నమస్కారం. మైకు దగ్గర నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. ముప్పై ఏళ్లుగా బండి కింద పడుకుని మాట్లాడటమే అలవాటు. గొంతు కాస్త పెద్దగా వస్తే ఏమీ అనుకోవద్దు.

ఇవాళ ఒక్క కంప్లయింట్ గురించే చెబుతాను. బ్రేక్ పెడల్ గట్టిపడటం. మా షెడ్డుకి వచ్చేవాళ్లు దీన్ని రకరకాలుగా చెబుతారు. "బ్రేక్ హార్డ్ అయిందన్నా" అంటారు. "రాయి మీద కాలేసినట్టుంది" అంటారు. ఒకాయనైతే "తొక్కుతున్నా మాట వినట్లేదు, అచ్చం మావాడిలాగే" అన్నాడు. (నవ్వులు)

పెడల్ మెత్తగా స్పాంజిలా కిందికి దిగిపోతే అది వేరే జబ్బు. లైన్లలో గాలి చేరో, ఆయిల్ కారో, బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు అరిగో ఉంటుంది. దాని జోలికి ఇవాళ పోను. మనం మాట్లాడుకునేది పెడల్ దిగకుండా మొరాయించడం గురించి.

ముందు నవ్వులాటలా అనిపించేది ఒకటి చెప్పేస్తాను. ఒక క్యాబ్ తమ్ముడు టెన్షన్ పడిపోయి, టోయింగ్ బండికి డబ్బిచ్చి మరీ కారు లాగించుకొచ్చాడు. బ్రేక్ అసలు దిగట్లేదన్నాడు. తలుపు తీసి వంగి చూస్తే పెడల్ కింద నీళ్ల సీసా. పాసింజరు సీటు కిందది దొర్లుకుంటూ వచ్చింది. అక్కడ సీసా కాకపోతే మ్యాట్ ఉంటుంది. పాత మ్యాట్ మీద కొత్త మ్యాట్ వేస్తారు, అది మడతపడి పెడల్ వెనక్కి పోతుంది. కాబట్టి బానెట్ ఎత్తే ముందు వంగి కింద చూడండి. దానికి ఖర్చేమీ లేదు, నడుము వంగితే చాలు.

సరే, సీసా లేదు, మ్యాట్ లేదు, అయినా పెడల్ గట్టిగా ఉంది. ఎందుకు? ఇది అర్థం కావాలంటే మామూలు రోజుల్లో అది ఎందుకు మెత్తగా ఉంటుందో తెలియాలి. మీరందరూ మీ కాలి బలంతోనే కారు ఆపుతున్నామనుకుంటారు. కాదండీ. బానెట్ ఎత్తితే డ్రైవరుకి ఎదురుగా, ఇంజన్ వెనక గోడకి, రొట్టెల పెనం అంత నల్లటి రేకు డబ్బా ఒకటి కనిపిస్తుంది. అదే బూస్టర్. దాని ముందు మాస్టర్ సిలిండర్ ఉంటుంది. ఈ డబ్బాలో మధ్యకి ఒక రబ్బరు తెర, డయాఫ్రమ్ అంటాం. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఒక పైపు గుండా ఈ డబ్బాలోని గాలినంతా పీల్చేస్తుంది. తెరకి ఇటూ అటూ వ్యాక్యూమే కాబట్టి అది కదలదు. మీరు పెడల్ మీద కాలు వేయగానే మీ వైపు ఒక చిన్న వాల్వ్ తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. ఇటు గాలి, అటు ఖాళీ. గాలి తెరని ముందుకి తోస్తుంది, తెర మాస్టర్ సిలిండర్‌ని తోస్తుంది.

ఎంత బలంగా తోస్తుందో లెక్క వేద్దాం. నాకు లెక్కలంటే ఇష్టం, పదో తరగతి తప్పింది మాత్రం ఇంగ్లీషులో. (నవ్వులు) మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంటుంది. పెట్రోల్ ఇంజన్ ఐడిలింగ్‌లో పాదరసం కొలతలో 18 నుంచి 21 అంగుళాల వ్యాక్యూమ్ ఇస్తుంది, అంటే ఆ గాలిలో మూడింట రెండు వంతుల ఒత్తిడి మనకి పనికొస్తుంది. 9 అంగుళాల వ్యాసం ఉన్న తెర వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే 280 కిలోల దాకా వస్తుంది. మీరు కాలితో చెబుతున్నారంతే, తోసేది గాలి. బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ కనిపెట్టిన ఈ పద్ధతిని 1927లో బోష్ వాళ్లు మార్కెట్‌లోకి తెచ్చారు. దాదాపు వందేళ్లయినా అసలు సూత్రం మారలేదు. పాత అంబాసిడర్లు నడిపినవాళ్లు ఇక్కడుంటే చేతులెత్తండి. ఆ, నలుగురున్నారు. వాటికి ఈ బూస్టర్ ఉండేది కాదు. అందుకే మీ తొడలు అంత గట్టిగా ఉండేవి. (నవ్వులు)

పెడల్ రాయిలా అయిందంటే ఈ గాలి సాయం ఆగిపోయిందని అర్థం. ఆయిల్ ఉంది, లైన్లున్నాయి, ప్యాడ్లున్నాయి, బ్రేక్ కూడా ఉంది. కాకపోతే ఆ 280 కిలోల సాయం లేదు, పనంతా ఇప్పుడు మీ కాలే చేయాలి. తేడా ఎంతో అమెరికా వాళ్ల బ్రేకు ప్రమాణంలో కనిపిస్తుంది. 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, పెడల్ మీద సుమారు 50 కిలోల బలానికి మించకుండా, మామూలుగా 70 మీటర్ల లోపు ఆగాలి. బూస్టర్ పనిచేయనప్పుడు అదే బలానికి 168 మీటర్ల దాకా అనుమతి ఉంది. మిగతా 98 మీటర్లలో మీ ముందు ఎవరుంటారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు పరీక్ష. దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. బండి సమంగా ఉన్న నేల మీద, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఇంజన్ ఆపి పెడల్ ఐదారు సార్లు తొక్కండి. డబ్బాలో దాచుకున్న వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డాక కాలు తీయకుండా, ఓ మోస్తరుగా నొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. బూస్టర్‌కి సాయం అందుతుంటే పెడల్ కాలి కింద కొంచెం దిగుతుంది. దిగిందా, సరే. దిగలేదా, గాలి దారిలో ఎక్కడో తేడా ఉంది.

రెండోది. ఇంజన్ రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపండి. కాసేపాగి తొక్కండి. మొదటిసారి లోతుకి పోవాలి, రెండోసారి కొంచెం పైనే ఆగాలి, మూడోసారి ఇంకా పైన. మెట్లెక్కినట్టుంటుంది. మొదటి తొక్కుకే రాయిలా తగిలితే డబ్బా వ్యాక్యూమ్‌ని దాచుకోవట్లేదన్నమాట. మూడోది, ఇంజన్ నడుస్తుండగా పెడల్ నొక్కి పట్టి, అలాగే ఉంచి ఇంజన్ ఆపేయండి. అరనిమిషం కాలు కదపొద్దు. పెడల్ మీ కాలిని పైకి తోస్తే లోపల లీకు ఉంది.

ఈ మూడూ చేసి మెకానిక్ దగ్గరికి వెళితే సగం బేరం మీ చేతిలో ఉన్నట్టే. అంటే నా బేరమే నేను పాడుచేసుకుంటున్నాను.

సాయం లేదని తేలింది. ఇప్పుడు ఏది మార్చాలి? ఇక్కడే అందరూ పరిగెత్తుకుని బూస్టర్ మార్చేస్తారు. నేనూ మార్చాను. నా తప్పు నేనే చెబుతాను. ఒక టీచరమ్మ పెట్రోల్ కారు తెచ్చారు. పొద్దున బండి తీస్తే బ్రేక్ బ్రహ్మాండం. అరగంట నడిచి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పడితే రాయి. నేను మూడు పరీక్షలూ చేశాను, కానీ చల్లారిన బండి మీద చేశాను. అన్నీ బాగానే వచ్చాయి. అయినా ఆవిడ చెబుతోంది కదా అని, పైపు చేత్తో తడిమి చూసి బాగుందనుకుని, బూస్టర్ మార్చేశాను. వేల రూపాయల సామాను. వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ వచ్చారు. అదే కంప్లయింట్.

ఈసారి బండి నేనే గంటసేపు తిప్పాను. రాయిలా అవగానే ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తి చూస్తే, బూస్టర్‌కి వెళ్లే పైపు వంపు దగ్గర, సీసాలో అడుగున మిగిలిన డ్రింకు స్ట్రాతో పీల్చినప్పుడు స్ట్రా నొక్కుకుపోతుందే, అలా చప్పిడి అయిపోయి ఉంది. పైన రబ్బరు కొత్తదానిలా మెరుస్తోంది. కోసి చూస్తే లోపలి పొర ఊడి వేలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా నిలబడుతుంది, వేడెక్కితే మెత్తబడి దారి మూసేస్తుంది. కొన్ని వందల రూపాయల పైపు. పాత బూస్టర్ తిరిగి బిగించి ఆవిడ డబ్బు ఆవిడకిచ్చేశాను. అప్పట్నుంచి మా కుర్రాళ్లకి ఒకటే చెబుతాను. కస్టమర్‌కి కంప్లయింట్ ఏ పరిస్థితిలో వచ్చిందో ఆ పరిస్థితిలోనే బండిని చూడండి. తక్కువ ధర సామాను ముందు, ఎక్కువ ధరది ఆఖర్న.

కాబట్టి వరుసగా గాలి దారి పట్టుకుని రండి. ముందు పైపు. ఐడిలింగ్‌లో పైపుని బూస్టర్ దగ్గర లాగి బొటనవేలు పెడితే వేలిని గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే ఇంజన్ తడబడాలి. వేలికి పీల్పు తెలియకపోతే గోల ఇంజన్ వైపే ఉంది, బూస్టర్‌ది కాదు. మన ఊళ్లో పైపుకి మొదటి శత్రువు ఎలుక. రాత్రిపూట వెచ్చగా ఉంటుందని ఇంజన్ మీదికెక్కి కొరికేస్తుంది. రెండోది మనమే. గ్యాస్ కిట్ పెట్టించుకున్నప్పుడో, ఇంకేదో బిగించుకున్నప్పుడో వ్యాక్యూమ్ కావాలని ఈ పైపునే కోసి టీ జాయింట్ వేస్తారు. ఆ జాయింటు ఎప్పుడో వదులవుతుంది. బ్రేకు పైపు మీద ఎవరి టీ జాయింటూ ఉండకూడదు. ఎవరైనా వేస్తామంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి. మార్చేటప్పుడు కూడా వ్యాక్యూమ్ కోసం చేసిన పైపే వేయాలి. కూలర్ నీళ్ల పైపు సైజు సరిపోయిందని వేసిన మహానుభావులున్నారు. పీల్పుకి అది రెండ్రోజుల్లో చప్పిడైపోతుంది.

పైపులోనో, బూస్టర్ మొహం మీదో ఒక చిన్న ప్లాస్టిక్ వాల్వ్ ఉంటుంది. నాన్ రిటర్న్ వాల్వ్. గాలి బూస్టర్ నుంచి ఇంజన్ వైపు పోవాలి, తిరిగి రాకూడదు. తీసి నోటితో ఊదండి. బూస్టర్ వైపు నుంచి ఊదితే పోవాలి, ఇంజన్ వైపు నుంచి ఊదితే ఆగిపోవాలి. రెండువైపులా పోతే వాల్వ్ పోయినట్టు. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, తిరగేసి బిగిస్తే కొత్త వాల్వ్ కూడా పాత జబ్బే తెస్తుంది. వాల్వ్ చుట్టూ ఉండే రబ్బరు బుష్ ఎండి పగిలినా అంతే.

డీజిల్ వాళ్లు కాస్త జాగ్రత్తగా వినండి. డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ దానిలా సహజంగా పీల్పు ఉండదు. దానికి వేరే వ్యాక్యూమ్ పంపు కావాలి. పాత డీజిల్ కార్లు చాలావాటిలో ఆ పంపు డైనమో వెనక, ఒకే ఇరుసు మీద ఉంటుంది. తర్వాత వచ్చినవాటిలో ఇంజన్ వాల్వులని తెరిచే ఇరుసు, అదే క్యామ్ షాఫ్ట్, దాని చివర ఉంటుంది. డైనమో పంపు బండ్లలో ఒక గుర్తు చెబుతాను, రాసుకోండి. నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగి, అదే సమయంలో బ్రేకు గట్టిపడితే బెల్టు తెగింది. బెల్టు లేకపోతే డైనమో తిరగదు, డైనమో తిరక్కపోతే పంపు తిరగదు. లైటే కదా, ఇంటికెళ్లి చూద్దాంలే అని తోలేవాళ్లు రెండు మూడు బ్రేకుల తర్వాత ఖంగు తింటారు.

పంపు నీరసపడితే ఎలా తెలుస్తుంది? మొదటి బ్రేకు బాగుంటుంది. ట్రాఫిక్‌లో వెంటవెంటనే మూడు నాలుగు సార్లు తొక్కితే గట్టిపడుతుంది, కాసేపాగితే మళ్లీ మెత్తబడుతుంది. ట్యాంకులో నీళ్లున్నాయి కానీ మోటారు నింపలేకపోతోందన్నమాట. గేజీ పెట్టి చూస్తే తేలిపోతుంది, మంచి పంపు 25 అంగుళాల చుట్టుపక్కల చూపిస్తుంది. ఈ పంపు ఇంజన్ ఆయిల్‌తోనే బతుకుతుంది. ఆయిల్ మార్చకుండా తారులా అయ్యేదాకా తోలితే మొదట చచ్చేవాటిలో ఇదొకటి. కొత్త టర్బో పెట్రోల్ కార్లలో కూడా చాలావాటికి పంపు ఉంటుంది, ఆ ఇంజన్ల పీల్పు సరిపోదు కాబట్టి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు బూస్టర్. తొక్కగానే చిన్నగా "సుస్" మంటే భయపడకండి, బయటి గాలి లోపలికి పోయే చప్పుడు అది. పెడల్ నొక్కి పట్టుకున్నా ఆ బుస ఆగకుండా వస్తుంటే, దాంతో పాటు ఇంజన్ కొట్టుకుంటుంటే తెర చిరిగింది. మాస్టర్ సిలిండర్ నట్లు విప్పి ముందుకి జరిపి చూడండి. వెనక తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి కారుతోంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గుతోంది, కింద మాత్రం చుక్క కనపడదు, అలాంటి కేసుల్లో ఆయిల్ ఇక్కడే దాక్కుంటుంది. అప్పుడు ఒక్క బూస్టర్ మారిస్తే డబ్బు దండగ, మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలి.

రేకు తుప్పు గురించి కూడా ఒక మాట. 2022లో మెర్సిడెస్ బెంజ్ వాళ్లు 2004-2015 మధ్య తయారైన కొన్ని పెద్ద కార్లని, ప్రపంచమంతా కలిపి దాదాపు 10 లక్షలు, వెనక్కి పిలిచారు. బూస్టర్ డబ్బా మీద రబ్బరు తొడుగు కింద తేమ చేరి తుప్పు పడుతుందని. అంత ఖరీదైన బండికే తప్పలేదు. మచిలీపట్నం, కాకినాడ వైపు ఉప్పుగాలిలో నిలబడే బండ్లవాళ్లు సర్వీసుకిచ్చినప్పుడు ఆ డబ్బా వెనక వైపు కూడా ఒకసారి చూడమనండి.

పాత బూస్టర్‌ని కోసి రిపేరు చేస్తామనేవాళ్లున్నారు. నేను చేయను, చేయించొద్దంటాను. తుక్కులో దొరికే సెకండ్ హ్యాండ్‌వి వేస్తే మాత్రం బిగించే ముందు పరీక్షించి వేయండి. బిగించేటప్పుడు మాస్టర్ సిలిండర్‌ని తోసే పుష్ రాడ్ పొడవు సరిచూడాలి. వెంట్రుకవాసి పొడుగున్నా కాలు తీశాక బ్రేకు వదలదు, చక్రాలు కాలిపోతాయి.

మూడు పరీక్షలూ బాగా వచ్చాయి, అయినా గట్టిగా తొక్కితే గానీ ఆగట్లేదంటే, గాలిని వదిలేసి చక్రాల దగ్గరికి రండి. ప్యాడ్లు అద్దంలా నున్నబడి ఉంటాయి, లేదా ప్యాడ్లని నొక్కే కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత ఇలాంటివి వరసకట్టి వచ్చాయి, నెలల తరబడి కదలని బండ్లు. పిన్నులకి బ్రేకుల కోసం చేసిన గ్రీజే పూయాలి, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. ఒక చక్రం మాత్రమే పట్టేసి వేడెక్కుతుంటే ఆ చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, బ్లీడింగ్ నిపుల్ అంటాం, దాన్ని వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి లోపల చిక్కుకుంది, ఎక్కువసార్లు దోషి ఆ చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోసు. అప్పటికీ వదలకపోతే కాలిపర్. ఇక బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోశారనుకోండి, లైనులో ఉన్న ప్రతి రబ్బరూ ఉబ్బిపోతుంది. కడిగితే పోదు. రబ్బర్లన్నీ మార్చాల్సిందే. అది చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొస్తుంది.

రోడ్డు మీద ఉండగా గట్టిపడితే? ఇది ముఖ్యం. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయకండి. డబ్బాలో ఒకటి రెండు బ్రేకులకి సరిపడా వ్యాక్యూమ్ మిగిలి ఉండొచ్చు, పంపు కొట్టినట్టు కొడితే అదీ పోతుంది. ఒక్కటే తొక్కు, రెండు కాళ్లతో, సీటుకి వీపు ఆనించి, వదలకుండా. గేర్లు ఒక్కొక్కటే తగ్గించండి. హ్యాండ్ బ్రేక్ నెమ్మదిగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయి. 2009లో అమెరికాలో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు ప్రమాదం పెద్ద వార్త అయింది. మ్యాట్‌లో ఇరుక్కుని యాక్సిలరేటర్ వెనక్కి రాలేదు, నలుగురు పోయారు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంటే పెట్రోల్ ఇంజన్‌కి పీల్పు దాదాపు ఉండదు, ఉన్న వ్యాక్యూమ్‌ని తొక్కి తొక్కి అవగొడితే కొత్తది రాదు. అందుకే యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ముందు న్యూట్రల్ చేయాలి.

ఇంకో అలవాటు. దుర్గ గుడి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోల్ ఆదా అని ఇంజన్ ఆపి వదిలేస్తారు. తిరుమల నుంచి దిగేటప్పుడు కూడా అంతే. కిందికి దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, దాని మలుపులు మీకు తెలుసు. రెండు మలుపులకి వ్యాక్యూమ్ ఖాళీ. మూడో మలుపులో రాయి. తాళం మొత్తం తిప్పేస్తే స్టీరింగ్ కూడా లాక్ అవుతుంది. అలా ఆదా చేసిన పెట్రోల్‌తో టీ కూడా రాదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక శ్రోత: మా కారు బటన్ స్టార్ట్ అండీ. ఒక్కోసారి బ్రేకు గట్టిగా ఉండి, బటన్ నొక్కినా స్టార్ట్ అవదు.)

మంచి ప్రశ్న. మీ పిల్లలెవరైనా ఆగి ఉన్న కార్లో కూర్చుని పెడల్ తొక్కుతారా? (నవ్వులు) చూశారా! వ్యాక్యూమ్ అయిపోయింది. పెడల్ తగినంత దిగకపోతే మీరు బ్రేకు వేశారని బండికి తెలియదు, అందుకే స్టార్ట్ అవదు. గట్టిగా, బలంగా తొక్కి బటన్ నొక్కండి. స్టార్ట్ అవగానే పెడల్ కొంచెం దిగితే బూస్టర్ బాగున్నట్టే. ఎవరూ ముట్టుకోకుండానే రోజూ పొద్దున్నే అలా ఉంటే మాత్రం వాల్వ్ చూపించండి.

(మరొకరు: ఊటీ వెళ్తే బ్రేకు కాస్త బరువనిపించింది. పాడైందా?)

పెట్రోలా? అయితే కొంత సహజమే. ఎత్తుకి పోయేకొద్దీ బయట గాలి పలచబడుతుంది. వెయ్యి అడుగులకి సుమారు ఒక అంగుళం వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఊటీ 7 వేల అడుగుల పైనే. కిందికొచ్చాక మామూలైతే వదిలేయండి.

(ఒక కుర్రాడు: ఎలక్ట్రిక్ కార్లకి ఇంజనే లేదు కదా సార్?)

లేదు బాబు. కొన్నింటిలో కరెంటుతో తిరిగే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది, రెండు మూడు బ్రేకుల తర్వాత ఎక్కడో "గుర్ర్" మని వినిపిస్తుంది, అదే. కొన్నింటిలో వ్యాక్యూమే లేదు, మోటారే నేరుగా తోస్తుంది. బోష్ వాళ్ల ఐబూస్టర్ 2013లో వచ్చింది, అలాంటిదే. వాటిలో పెడల్ గట్టిపడితే ఊదడాలు, వేలు పెట్టడాలు లేవు. హెచ్చరిక లైటు చూసి, బండి పక్కన ఆపి, స్కానర్ ఉన్నవాళ్లని పిలవండి.

ఇక చాలు, ఎండెక్కింది. బయట వేపచెట్టు కింద నా పాత డీజిల్ బండి ఉంది. చక్రాలకి రాళ్లు పెట్టాను, వ్యాక్యూమ్ పైపు ఊడదీసి పైపు నోటికి బిరడా పెట్టాను. ఒక్కొక్కరే ఎక్కి తొక్కండి. తర్వాత పైపు తగిలిస్తాను, మళ్లీ తొక్కండి. చెప్పులు విప్పి ఎక్కితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.